బాలధనం – రక్షణ, వృద్ధి: కుటుంబ ట్రస్టుల మదుపు నియమాల చారిత్రక పరిశీలన (1882–2016)

వ్యాససంగ్రహం

మైనర్ల కోసం ఇతరుల చేతిలో ఉంచిన ధనాన్ని ఎక్కడ మదుపు చేయాలన్న ప్రశ్నకు భారతీయ న్యాయచరిత్ర వేర్వేరు కాలాల్లో వేర్వేరు సమాధానాలు ఇచ్చింది. ప్రాచీన గ్రంథాలలో ఈ విషయమై రెండు భావాలు కనిపిస్తాయి. ఒకటి రక్షణ, రెండవది వృద్ధి. 1882 నాటి భారత ట్రస్టుల చట్టం ఈ రెండింటినీ అంగీకరించినా, ఆచరణలో రక్షణకే ప్రాధాన్యమిచ్చి, ఆ రక్షణను రూపాయల సంఖ్యతో కొలిచింది. ఆ కొలత వల్ల ట్రస్టీకి దొరికినంత భద్రత లబ్ధిదారుకు దొరకలేదని మద్రాసు ప్రెసిడెన్సీ, హైదరాబాదు సంస్థానాల ఉదాహరణల ఆధారంగా నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మైనరు, ట్రస్టు, మదుపు, చక్రవడ్డీ, వార్డ్స్ కోర్టు, అవిభక్త కుటుంబం, ప్రభుత్వ రుణపత్రాలు.

1. ఉపోద్ఘాతం

ఆస్తికి యజమాని పసివాడైనప్పుడు మూడు చిక్కులు ఒకేసారి ఎదురవుతాయి. యజమానికి లెక్క అడిగే శక్తి ఉండదు. లెక్క చూసేవాడికి ఆ ఆస్తిపై సొంత హక్కు ఉండదు. వీరిద్దరి నడుమ పది, పదిహేను సంవత్సరాల కాలం ఉంటుంది. పెద్దవారి మధ్య జరిగే అప్పు, అమ్మకం వంటి వ్యవహారాలలో ఈ మూడూ కలిసి కనిపించడం అరుదు. అందుకే బాలధనం విషయంలో న్యాయశాస్త్రం ప్రత్యేక నియమాలు చేయవలసి వచ్చింది.

తెలుగునాట జమీందారీల చరిత్ర, దాయభాగాల చరిత్ర, దత్తత వివాదాల చరిత్ర కొంతవరకు అధ్యయనానికి వచ్చాయి. మైనరు పేర ఉన్న నగదు మాత్రం ఆ అధ్యయనాల అంచులలోనే మిగిలిపోయింది. భూమి కళ్లకు కనిపిస్తుంది. దానిపై తగాదా తీర్పుగా నమోదవుతుంది. రుణపత్రంలోని సొమ్ము విలువ ఏటేటా కరగడం ఏ దావాకూ దారితీయదు. కనుక అది చరిత్రకూ సులభంగా అందదు. ఈ కారణంగా మదుపు నియమాలను న్యాయపరమైన సాంకేతికాంశాలుగా కాక, ఒక తరం తర్వాతి తరానికి ఏమి బాకీపడిందన్న ప్రశ్నకు సమాధానాలుగా చదవవలసి ఉంది.

2. ప్రాచీన గ్రంథాలలో రెండు క్రియలు

మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయం బాలుడి వారసత్వ ధనాన్ని రాజు కాపాడాలని చెబుతుంది. బాలుడు గురుకులం నుంచి తిరిగి వచ్చేవరకు, లేదా బాల్యం దాటేవరకు ఈ బాధ్యత సాగుతుంది. అక్కడ వాడిన క్రియ పాలనార్థకం. ఉన్నది ఉన్నట్లుగా అప్పగించడమే రాజు విధి.

కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణం ఇదే విషయాన్ని జనపదనివేశ ప్రకరణంలో ప్రస్తావిస్తుంది. అక్కడ బాధ్యత గ్రామవృద్ధులది. బాలుడు వ్యవహారయోగ్యుడయ్యేవరకు అతని ద్రవ్యాన్ని వారు వృద్ధి చేయాలి. దేవద్రవ్యానికీ ఇదే నియమం వర్తిస్తుంది. వాడిన క్రియ వర్ధనార్థకం. మనువు దృష్టిలో బాలధనం దాచవలసిన నిధి. కౌటిల్యుని దృష్టిలో అది పనిచేయవలసిన మూలధనం.

ఈ భేదానికి ఒక చారిత్రక ప్రాముఖ్యం ఉంది. మనుస్మృతి 18వ శతాబ్ది చివరికే ఆంగ్లంలోకి వచ్చి, కంపెనీ న్యాయస్థానాలకు ఆధారగ్రంథాలలో ఒకటైంది. అర్థశాస్త్రం వ్రాతప్రతిని ఆర్. శామశాస్త్రి వెలుగులోకి తెచ్చి మైసూరులో ముద్రింపజేసినది 1909లో. అంటే 1882లో ట్రస్టుల చట్టాన్ని రూపొందించినవారి ముందు రక్షణను విధించే గ్రంథం ఉన్నది గాని, వృద్ధిని విధించే గ్రంథం లేదు. అది ఉంటే చట్టం మారేదని చెప్పలేము. అయితే హిందూ ధర్మశాస్త్రం బాలధనాన్ని కదలనీయకుండా ఉంచమని మాత్రమే చెప్పిందన్న అభిప్రాయం అసంపూర్ణమని మాత్రం చెప్పవచ్చు.

తెలుగులో వ్యవహారధర్మాలను పద్యరూపంలోకి తెచ్చిన తొలి ప్రయత్నం 13వ శతాబ్దికి చెందిన కేతన విజ్ఞానేశ్వరీయం. మితాక్షర సంప్రదాయం తెలుగు పాఠకునికి దేశభాషలో అందింది ఈ గ్రంథం ద్వారానే. తెలుగు జిల్లాలలో అవిభక్త కుటుంబపు ఆస్తి విషయంలో తర్వాతి కాలపు న్యాయస్థానాలు అనుసరించినదీ మితాక్షర మార్గమే.

3. 1882 చట్టం: అనుమతించిన మదుపుల జాబితా

భారత ట్రస్టుల చట్టం 1882 మార్చి 1న అమలులోకి వచ్చింది. అప్పటి న్యాయసభ్యుడు విట్లీ స్టోక్స్. ఈ చట్టం తొలుతనే వర్తించిన ప్రాంతాలలో మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి. కనుక గంజాం నుంచి నెల్లూరు వరకు గల తీరాంధ్ర జిల్లాలు, నేటి రాయలసీమ ప్రాంతం దీని పరిధిలోకి మొదటినుంచీ వచ్చాయి.

చట్టంలోని 20వ సెక్షన్ ట్రస్టు ధనాన్ని వెంటనే వాడవలసిన అవసరం లేనప్పుడు ఎక్కడ మదుపు చేయాలో జాబితాగా ఇచ్చింది. ప్రభుత్వ రుణపత్రాలు, భారత ఆదాయంపై బ్రిటిష్ పార్లమెంటు విధించిన బాండ్లు, ప్రభుత్వం వడ్డీకి హామీ ఇచ్చిన రైల్వే తదితర కంపెనీల వాటాలు, పురపాలక సంస్థల డిబెంచర్లు, స్థిరాస్తిపై మొదటి తనఖా ఆ జాబితాలోనివి. తనఖా విషయంలో ఆస్తి విలువ అప్పు కంటే మూడోవంతు అధికంగా ఉండాలి. అది కట్టడమైతే సగం అధికంగా ఉండాలి. అంటే 3,000 రూపాయల అప్పుకు 4,000 రూపాయల భూమి, లేదా 4,500 రూపాయల ఇల్లు హామీగా కావాలి. ట్రస్టు పత్రం స్పష్టంగా అనుమతించినవి, హైకోర్టు నియమాలు అనుమతించినవి తప్ప మరి దేనిలోనూ సొమ్ము పెట్టరాదు.

ఈ జాబితా స్ఫూర్తి ఇంగ్లండుది. 1720లో సౌత్ సీ కంపెనీ వాటాలు కుప్పకూలిన తర్వాత అక్కడి చాన్సరీ న్యాయస్థానం ట్రస్టు ధనానికి ప్రభుత్వ రుణమే తగిన చోటని భావించసాగింది. అదే కాలపు అమెరికాలో రెండు భిన్న మార్గాలు కనిపిస్తాయి. 1830లో మసాచుసెట్స్ న్యాయస్థానం హార్వర్డ్ కళాశాల వేసిన దావాలో, వివేకవంతుడు తన సొంత వ్యవహారాలను నడిపే తీరులో ట్రస్టీ నడిచినట్లయితే, వాటాల ధర పడిపోయినా అతడు బాధ్యుడు కాడని తీర్పు చెప్పింది. 1869లో న్యూయార్క్ న్యాయస్థానం కింగ్, టాల్బట్ వివాదంలో ఇందుకు భిన్నమైన దారి పట్టింది. పిల్లలకు ఇచ్చిన సొమ్మును వ్యాపార కంపెనీల వాటాలలో పెట్టడం తగదని, యుక్తవయస్కులైన పిల్లలు ఆ వాటాలను నిరాకరించవచ్చని నిర్ణయించింది. 1882 చట్టం వివేకవంతుని ప్రమాణాన్ని 15వ సెక్షన్‌లో స్వీకరించింది. కాని మదుపు దగ్గరకు వచ్చేసరికి ఆ వివేకానికి జాబితా గీతను గీసింది.

3.1. వృద్ధికి ఇచ్చిన చోటు

చట్టం వృద్ధిని పూర్తిగా మరచిందనడం సరికాదు. 41వ సెక్షన్ ప్రకారం మైనరు కోసం ఉన్న ఆస్తి ఆదాయాన్ని అతని పోషణకు, చదువుకు, జీవితంలో పైకి రావడానికి ట్రస్టీ తన విచక్షణతో ఖర్చు చేయవచ్చు. మిగిలిన ఆదాయాన్ని తిరిగి మదుపు చేసి చక్రవడ్డీ పద్ధతిలో పెంచాలి. ఆదాయం చాలనప్పుడు జిల్లా స్థాయి సివిల్ న్యాయస్థానం అనుమతితో అసలును కూడా వాడవచ్చు. చదువు ఖర్చును, మదుపును ఒకే సెక్షన్‌లో ఉంచడం గమనార్హం. పిల్లవాడి చదువు కూడా అతని ధనానికి ఒక వినియోగమేనన్న గుర్తింపు ఇందులో ఉన్నది.

అయితే పెంచవలసినది మళ్లీ 20వ సెక్షన్ జాబితాలోనే. ఫలితాన్ని ఒక లెక్కతో చూడవచ్చు. 1890ల మధ్యనుంచి ప్రభుత్వ రుణపత్రాలలో 3½ శాతం కాగితానిది ప్రధాన స్థానం. 10,000 రూపాయలను ఆ వడ్డీకి పెట్టి, ఆరునెలలకొకసారి వడ్డీని అసలులో కలుపుతూ పోతే 15 సంవత్సరాలలో సుమారు 16,800 రూపాయలవుతుంది. ఇదే చట్టం 23వ సెక్షన్‌లో, సొమ్మును మదుపు చేసి పోగుచేయవలసిన ట్రస్టీ ఆ పని చేయకపోతే 6 శాతం చొప్పున, ఆరునెలలకొకసారి అసలులో కలిసే చక్రవడ్డీ చెల్లించాలని విధించింది. ఆ లెక్కన అదే 10,000 రూపాయలు 15 సంవత్సరాలలో సుమారు 24,270 రూపాయలవుతుంది.

ఈ రెండు అంకెల నడుమ వ్యత్యాసం దాదాపు 7,470 రూపాయలు. కర్తవ్యాన్ని నిష్ఠగా పాటించిన ట్రస్టీ చేతినుంచి మైనరుకు అందేది చిన్న మొత్తం. కర్తవ్యం తప్పిన ట్రస్టీ నుంచి న్యాయస్థానం వసూలు చేయించగలిగేది పెద్ద మొత్తం. 6 శాతం నిర్ణయంలో శిక్షాంశం ఉండవచ్చు. అయినా డబ్బుకు దేశంలో అంతకంటే ఎక్కువ ప్రతిఫలం దొరకగలదన్న అవగాహన శాసనకర్తలకు ఉన్నదనీ, ఆ ప్రతిఫలాన్ని మైనరుకు మామూలు మార్గంలో అందించే ప్రయత్నం వారు చేయలేదనీ ఇది సూచిస్తుంది.

4. వార్డ్స్ కోర్టు, మైనరు జమీందారులు

సాధారణ కుటుంబాల మైనర్లకు ట్రస్టీయో, సంరక్షకుడో ఉండేవాడు. పెద్ద జమీందారీలకు వారసులైన మైనర్ల విషయంలో ప్రభుత్వమే సంరక్షక స్థానం తీసుకొన్నది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1804 నాటి 5వ రెగ్యులేషన్ ఇందుకు పునాది. రెవెన్యూ బోర్డే వార్డ్స్ కోర్టుగా వ్యవహరించేది. 1902లో ప్రత్యేక చట్టం వచ్చింది. 1875 నాటి మెజారిటీ చట్టం ప్రకారం సాధారణ మైనరుకు 18 సంవత్సరాలకే యుక్తవయస్సు వస్తే, వార్డ్స్ పాలనలో ఉన్నవారికి, న్యాయస్థానం సంరక్షకుని నియమించినవారికి 21 సంవత్సరాలకు గాని రాదు. 1999 వరకు ఈ భేదం చట్టంలో నిలిచింది.

వార్డ్స్ పాలనలో మిగులు ఆదాయం సాధారణంగా మూడు దారులలో వెళ్లేది. పాత బాకీలు తీర్చడం, చెరువులు, కాలువలు బాగుచేయించడం, మిగిలినది ప్రభుత్వ పత్రాలలో పెట్టడం. మొదటి రెండూ కూడా ఒక విధమైన మదుపే. అధిక వడ్డీ బాకీని తీర్చడం 3½ శాతం పత్రం కొనడంకంటే లాభదాయకం. చెరువు గట్టు బాగుచేస్తే శిస్తు పెరుగుతుంది. ఈ విధంగా జమీందారీ మైనరుకు దక్కిన వెసులుబాటు నగదు మాత్రమే ఉన్న సాధారణ మైనరుకు దక్కలేదు.

పిఠాపురం సంస్థానం ఇందుకు ముఖ్యమైన ఉదాహరణ. రాజా గంగాధర రామారావు 1890లో మరణించినప్పుడు ఆయన కుమారుడు సూర్యారావు ఐదేళ్ల లోపు బాలుడు. మరణశాసనం ద్వారా సంస్థానం ఆ బాలునికి సంక్రమించింది. అంతకుముందు దత్తత స్వీకరించబడినవారు దావా వేయగా, వార్డ్స్ కోర్టు మైనరు పక్షాన నిలిచింది. 1899లో ప్రివీ కౌన్సిల్ తీర్పు మైనరుకు అనుకూలంగా వచ్చింది. విభజనకు వీలులేని జమీందారీని కూడా యజమాని మరణశాసనంతో ఇవ్వవచ్చునన్న సూత్రం ఆ తీర్పుతో స్థిరపడింది. ఆ బాలుడే పెద్దవాడై సూర్యరాయాంధ్ర నిఘంటువుకు పోషకుడయ్యాడు. సంరక్షణలో నిలిచిన ఒక మైనరు ఆస్తి తర్వాతి కాలంలో తెలుగు భాషాసేవకు వినియోగపడిన సందర్భమిది.

అన్ని ఎస్టేట్ల కథా ఇలా ముగియలేదు. తెలుగు వాడుకలో 'మైనరు' అనే మాట చట్టపరమైన అర్థాన్ని దాటి, చేతినిండా డబ్బుతో విలాసంగా తిరిగే యువకుడు అన్న అర్థాన్ని సంతరించుకొన్నది. 'మైనరు బాబు' అన్న ప్రయోగం ఇందుకు సాక్ష్యం. ఈ అర్థవిపరిణామం వెనుక ఒక సామాజికానుభవం ఉన్నదని ఊహించవచ్చు. ఏళ్లతరబడి పోగైన సొమ్ము ఒకేరోజున ఒకే చేతికి వచ్చినప్పుడు ఏమవుతుందో జనం చూశారు. సొమ్మును పెంచే నియమాలు చట్టంలో ఉన్నాయి. ఆ సొమ్మును నిర్వహించేలా వారసుణ్ణి క్రమంగా సిద్ధం చేసే నియమాలు లేవు.

5. జాబితాకు పరీక్షలు: 1906, యుద్ధకాలం

1906 అక్టోబరులో మద్రాసులోని ఆర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసింది. ప్రెసిడెన్సీ అంతటా ఎందరో మధ్యతరగతి కుటుంబాలవారు ఆ సంస్థలో డిపాజిట్లు ఉంచి నష్టపోయారు. సంస్థ ప్రధాన భాగస్వామి సర్ జార్జి ఆర్బత్‌నాట్‌కు కారాగారశిక్ష పడింది. స్వదేశీయుల చేతిలో ఒక బ్యాంకు ఉండాలన్న ఆలోచన బలపడి 1907లో ఇండియన్ బ్యాంకు ఏర్పడింది. ప్రైవేటు సంస్థల డిపాజిట్లకు 20వ సెక్షన్ జాబితాలో చోటులేదు. కనుక చట్టాన్ని అక్షరాలా పాటించిన ట్రస్టీ చేతిలోని బాలధనానికి ఈ పతనం తగలలేదు. జాబితాకు ఇది గట్టి సమర్థన.

పదేళ్లు గడవకముందే రెండవ పరీక్ష వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ప్రభుత్వం ఎక్కువ వడ్డీకి కొత్త రుణాలు సేకరించింది. దానితో పాత 3½ శాతం కాగితపు అంగడి ధర బాగా పడిపోయింది. గడువు తేదీ లేని పత్రం విషయంలో ఈ లెక్క సులభం. 100 రూపాయల ముఖవిలువకు ఏటా 3½ రూపాయలు వస్తుండగా, బయట 5 శాతం వడ్డీ దొరికితే ఆ పత్రానికి 70 రూపాయలకు మించి ఎవరూ ఇవ్వరు. దీనికి తోడు యుద్ధకాలంలో ధాన్యం, బట్ట ధరలు పెరిగాయి. ప్రభుత్వం వడ్డీ ఎగవేయలేదు. ట్రస్టీ తప్పు చేయలేదు. అయినా ఆ సమయంలో యుక్తవయస్సు వచ్చిన లబ్ధిదారు చేతికి అందిన పత్రం, తండ్రి విడిచిపోయిన సొమ్ము కంటే తక్కువ వస్తువులను కొనగలిగింది. 1906 నాటి నష్టానికి నిందితుడు ఉన్నాడు, విచారణ జరిగింది. యుద్ధకాలపు నష్టానికి నిందితుడు లేడు, కనుక విచారణా లేదు.

6. అవిభక్త కుటుంబం: మరొక మార్గం

ట్రస్టుల చట్టం తన మొదటి సెక్షన్‌లోనే అవిభక్త కుటుంబ సభ్యుల పరస్పర సంబంధాలను పరిధినుంచి తప్పించింది. తెలుగునాట అధికసంఖ్యాక హిందూ కుటుంబాల ఆస్తి ఈ మినహాయింపులోనే ఉండేది. అక్కడ మైనరు వాటా కుటుంబ కర్త చేతిలో ఉంటుంది. కర్తకు జాబితా లేదు. 1856లో హనుమాన్ ప్రసాద్ పాండే వివాదంలో ప్రివీ కౌన్సిల్ చెప్పిన రెండు ప్రమాణాలు మాత్రమే ఉన్నాయి. అవి అవసరం, ఎస్టేటుకు ప్రయోజనం.

ప్రయోజనం అంటే ఏమిటన్నదే తర్వాతి శతాబ్దపు చర్చ. 1917లో మద్రాసు ప్రెసిడెన్సీకి చెందిన పళనియప్ప చెట్టి వివాదంలో ప్రివీ కౌన్సిల్ దేవాలయ భూముల సందర్భంలో మాట్లాడుతూ, ఎక్కువ రాబడి కోసం భూమిని అమ్మి ఆ సొమ్మును మదుపు చేయడానికి ఆధారం లేదన్నది. భూమే బహుశా భద్రమైనదనీ, తప్పకుండా స్థిరమైనదనీ భావించింది. ఈ అభిప్రాయాన్ని మైనర్ల ఆస్తి వివాదాలలోనూ ఉదహరించసాగారు. దేవద్రవ్యాన్నీ బాలద్రవ్యాన్నీ కౌటిల్యుడు వృద్ధి విషయంలో జతచేస్తే, ఆధునిక న్యాయస్థానాలు రక్షణ విషయంలో జతచేశాయి.

1922లో సన్యాసి చరణ్ మండల్ వివాదం కొత్త వ్యాపారపు భారాన్ని మైనరు వాటాపై మోపరాదని తేల్చింది. 1928లో అలహాబాదు హైకోర్టు జగత్ నారాయణ్ వివాదంలో మెత్తబడింది. దూరాన ఉండి నిర్వహణకు వీలుకాని ఆస్తిని అమ్మడం వివేకవంతుడైన యజమాని చేసే పనే అయితే అది ప్రయోజనమేనని అంగీకరించింది. 1964లో బాల్ముకుంద్ వివాదంలో సుప్రీంకోర్టు ప్రయోజనం కేవలం ఆత్మరక్షణకు పరిమితం కాదని చెప్పింది. అంటే ట్రస్టు చట్టం జాబితాను అంటిపెట్టుకొని ఉన్న కాలంలోనే అవిభక్త కుటుంబ న్యాయం తీర్పుల మార్గంలో వివేకవంతుని ప్రమాణం వైపు నడిచింది.

1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం మరొక అసమతుల్యాన్ని చూపుతుంది. 8వ సెక్షన్ ప్రకారం మైనరు స్థిరాస్తిని అమ్మడానికి, తనఖా పెట్టడానికి సహజ సంరక్షకునికి న్యాయస్థానం అనుమతి కావాలి. నగదుకు, వాటాలకు అటువంటి ముందస్తు అనుమతి నియమం లేదు. ఒక ఎకరం అమ్మాలంటే న్యాయమూర్తి చూడాలి. ఆ ఎకరం ఖరీదుకు మించిన నగదు ఖర్చయినా ఎవరూ ముందుగా చూడరు. ఆస్తి అంటే భూమి అన్న పాత ఊహ చట్టంలో ఎంత లోతుగా నిలిచిందో ఇది తెలుపుతుంది.

7. హైదరాబాదు: కాగితం, ఆభరణం

నిజాం పాలిత ప్రాంతంలో 1350 ఫసలీ నాటి వార్డ్స్ కోర్టు చట్టం ఉండేది. అయితే అక్కడి కుటుంబ ట్రస్టుల చరిత్రలో ప్రముఖమైనది సంస్థానం భారతదేశంలో కలిసిన తర్వాతిది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1950 మే 10న తన కుటుంబీకులు, బంధువుల కోసం ఒక ట్రస్టు ఏర్పరచాడు. దాని మూలధనం 9 కోట్ల రూపాయల ముఖవిలువగల ప్రభుత్వ రుణపత్రాలు. ఆ నిధిని 175 సమాన యూనిట్లుగా భావించి, కొన్నింటిని రిజర్వుకు, ఖర్చులకు కేటాయించి, మిగిలినవాటిని బంధువులకు నిర్ణీత సంఖ్యలో పంచారు. ఈ ఏర్పాటు వివరాలు సంపద పన్ను వివాదంగా సుప్రీంకోర్టు వరకు వెళ్లడంవల్ల న్యాయగ్రంథాలలో నమోదయ్యాయి.

అదే నిజాం 1950ల తొలినాళ్లలో తన ఆభరణాలను వేరే ట్రస్టులలో ఉంచాడు. వాటినుంచి ఏటా వచ్చే ఆదాయం లేదు. దీర్ఘకాలిక న్యాయవివాదాల తర్వాత 1995లో భారత ప్రభుత్వం వాటిని సుమారు 218 కోట్ల రూపాయలకు కొనుగోలు చేసింది.

ఈ రెండు ట్రస్టులను పక్కపక్కన ఉంచితే బాలధన సమస్య మొత్తం కనిపిస్తుంది. రుణపత్రం ప్రతి సంవత్సరం వడ్డీ ఇస్తుంది, కాని దాని ముఖవిలువ పెరగదు. ఆభరణం విలువ కాలంతో పాటు పెరగవచ్చు, కాని చదువుకొనే వయస్సులో ఉన్న లబ్ధిదారుకు ఫీజు కట్టదు. ఒకదానిలో నేటి అవసరం తీరి రేపటి విలువ తగ్గుతుంది. మరొకదానిలో రేపటి విలువ నిలిచి నేటి అవసరం తీరదు. మైనరుకు రెండూ కావాలి.

8. చట్టం నుంచి ప్రకటనకు

స్వాతంత్ర్యానంతరం 20వ సెక్షన్ జాబితాలో చేర్పులు జరిగాయి. యూనిట్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా యూనిట్లు అలా చేరినవే. 2001 జులైలో ఆ సంస్థ తన ప్రసిద్ధ యూఎస్-64 పథకం యూనిట్ల అమ్మకాన్ని, తిరిగి కొనుగోలును తాత్కాలికంగా నిలిపివేసింది. జాబితాలో పేరు ఉండటం భద్రతకు పర్యాయపదం కాదని ఆ సంఘటన స్పష్టం చేసింది.

2016 సవరణ పాత జాబితాను తొలగించింది. ట్రస్టు పత్రం అనుమతించిన మదుపులు, లేదా కేంద్ర ప్రభుత్వం ప్రకటన ద్వారా నిర్దేశించే మదుపులు ఇప్పుడు ప్రమాణం. దీనిని జాబితా అంతరించడంగా చూడటం తొందరపాటు. అది చట్టంలోంచి ప్రకటనలోకి మారింది. ఇక కుటుంబాల దృష్టిలో ముఖ్యమైనది ట్రస్టు పత్రం. అందులో రాసిన మాటలే ట్రస్టీకి వెసులుబాటును, హద్దులను నిర్ణయిస్తాయి. ఆ వెసులుబాటు 1882 నుంచీ ఉన్నదే. దానిని వాడుకోవడానికి కావలసిన ముందుచూపు పత్రం రాయించేవారిది.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. బాలధనం విషయంలో భారతీయ సంప్రదాయం ఏకవాక్యత కలిగినది కాదు. మనుస్మృతి రక్షణను, అర్థశాస్త్రం వృద్ధిని విధించాయి. వలసకాలపు న్యాయవ్యవస్థకు మొదటిది మాత్రమే అందుబాటులో ఉన్నది.

2. 1882 చట్టం బాలధనాన్ని మోసం నుంచి, సాహసం నుంచి కాపాడింది. 1906 నాటి అనుభవం దాని విలువను చాటింది. ధరల పెరుగుదల నుంచి అది కాపాడలేదు. ఆ నష్టానికి బాధ్యుడు లేనందున న్యాయస్థానం ముందుకు రాలేదు.

3. జాబితాను పాటించిన ట్రస్టీకి పూర్తి రక్షణ దొరికింది. లబ్ధిదారుకు దొరికినది సంఖ్యలో రక్షణ. 3½ శాతానికీ 6 శాతానికీ మధ్యనున్న వ్యత్యాసం ఈ అసమానతకు చట్టమే ఇచ్చిన కొలమానం.

4. చట్టం భూమిని చూసినంత జాగ్రత్తగా నగదును చూడలేదు. నేటి మైనర్ల ఆస్తి అధికభాగం డిపాజిట్లు, బీమా సొమ్ము, యూనిట్ల రూపంలో ఉంటున్నప్పుడు ఈ లోపం మరింత తీవ్రమవుతుంది.

5. 41వ సెక్షన్ చదువును, చక్రవడ్డీని ఒకేచోట నిలిపిన తీరు ఇప్పటికీ మార్గదర్శకం. యుక్తవయస్సు వచ్చిన రోజున చేతికందే మొత్తం ఎంతన్నది సగం ప్రశ్న. ఆ రోజుకు ఆ చేయి ఎంత సిద్ధమైందన్నది మిగిలిన సగం. 'మైనరు' అన్న తెలుగు మాటలో స్థిరపడిన ఎత్తిపొడుపు ఈ రెండవ సగాన్ని విస్మరించిన కాలపు గుర్తు.

తెలుగు జిల్లాల సివిల్ న్యాయస్థానాలలో సంరక్షకులు సమర్పించిన లెక్కలు, వార్డ్స్ పాలనలోని ఎస్టేట్ల వార్షిక నివేదికలు ఈ దృష్టితో చదవవలసిన మూలాలు. వాటిలో ఒక్కొక్క మైనరు సొమ్ము మొదటి రోజు ఎన్ని పుట్ల ధాన్యం కొనగలిగేదో, చివరి రోజు ఎన్ని పుట్లు కొనగలిగిందో లెక్కకట్టినప్పుడే బాలధన రక్షణ చరిత్ర సమగ్రమవుతుంది.